అటకెక్కిన విమానాన్ని దించి పూర్తిచేయడం: సగంలో ఆగిన సెస్నా 172 మోడల్ కిట్‌కు సమగ్ర మార్గదర్శి

కర్నూలులో మా ఇంటి అటక మీద ఒక అట్టపెట్టె పదకొండేళ్లకు పైగా ఉండిపోయింది. అందులో ఉన్నది సెస్నా 172 అనే చిన్న విమానానికి 1/48 స్కేలు, అంటే అసలు కొలతలో నలభై ఎనిమిదో వంతు ఉండే, ప్లాస్టిక్ కిట్. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊరిని ముంచెత్తిన నాటికి దాని దేహం రెండు సగాలు అతికి ఉన్నాయి, రెక్క మీద తెల్లరంగు ఒక పూత పడి ఉంది. పెట్టె పై గూట్లో ఉండటం వల్ల కొట్టుకుపోలేదు గానీ బాగా చెమ్మగిల్లింది. ఇల్లు చక్కబెట్టుకునే హడావుడిలో అటక మీదికి చేరిన ఆ పెట్టెను, 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం మొదలైన తర్వాత గానీ కిందికి దించలేదు.

దించిన తర్వాత నాకు అర్థమైన విషయం ఒకటుంది. మనం ఎక్కడ వదిలామో కిట్ అక్కడే ఉండదు. ప్లాస్టిక్ వంగుతుంది, జిగురు పెళుసెక్కుతుంది, రంగు పొలుసులవుతుంది, అక్షరాల కాగితం పసుపెక్కుతుంది. అందువల్ల ఆపిన చోటి నుంచి కొనసాగించడానికి ముందు, కొంత వెనక్కి వెళ్లి విప్పుకోవాలి. కొత్త కిట్ కట్టడానికి, పాత కిట్ పూర్తిచేయడానికి ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది.

పెట్టె విప్పిన రోజు

ఆ రోజు జిగురు సీసా మూత తీయకండి. ఒక తెల్లటి పాత పంచెను నేల మీద పరిచి, పెట్టెలోని ప్రతి ముక్కనూ దాని మీద పేర్చండి. అచ్చుపోసినప్పుడు భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రాలకు ఇంకా అంటుకుని ఉన్నవి, ఊడిపోయి విడిగా ఉన్నవి, ఇదివరకే అతికించినవి వేరువేరుగా ఉండాలి. సూచనల కాగితంలోని భాగాల సంఖ్యలతో ఒక్కొక్కటీ పోల్చుకుని, ఉన్నవాటికి పెన్సిల్‌తో టిక్కు పెట్టండి. పెట్టె మూలల్లోని దుమ్మును పారేసే ముందు గుడ్డ మీద దులిపి వెతకాలి. నా కిట్‌లో తలుపు పిడి ఒకటి, రెక్క ఆనుకర్ర ఒకటి అడుగున ఎండిపోయిన ఒండ్రులో దొరికాయి. చిన్న భాగాలను ఖాళీ మందుసీసాల్లో వేసి పేర్లు రాసుకోండి. సూచనల కాగితాన్ని వెంటనే ఫోనులో ఫొటో తీసుకోండి, ఎందుకంటే చెమ్మ తగిలిన కాగితం నాలుగుసార్లు మడిచి విప్పితే చిరిగిపోతుంది.

పాత కిట్లలో ప్రత్యేకంగా చూడవలసినవి టైర్లు. కొన్ని కిట్లలో టైర్లను మెత్తటి వినైల్‌తో చేస్తారు. ఆ వినైల్‌ను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఏళ్ల తరబడి నెమ్మదిగా బయటికి వచ్చి, తాకిన చోటల్లా కిట్ ప్లాస్టిక్‌ను (పాలీస్టైరీన్‌ను) కరిగిస్తుంది. టైరు చక్రంలోకి దిగిపోయి ఉన్నా, అద్దంగా ఇచ్చే పారదర్శక ప్లాస్టిక్ మీద గుండ్రటి మచ్చ పడి ఉన్నా కారణం ఇదే. అలాంటి టైర్లను ఆ రోజే వేరే కవరులో పెట్టాలి. తిరిగి వాడదలచుకుంటే చక్రానికి, టైరుకు మధ్య రంగు పొర ఒకటి పూర్తిగా ఆరిన తర్వాతే తొడగాలి.

తర్వాత అన్ని భాగాలనూ గోరువెచ్చని నీళ్లలో, గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి, పాత పళ్లబ్రష్షుతో కడగండి. అచ్చు నుంచి ప్లాస్టిక్ సులభంగా ఊడటానికి కర్మాగారంలో పూసిన జిడ్డు కొంత, అటక మీది మసి కొంత వదులుతాయి. అద్దాలను విడిగా, బ్రష్షు తగలకుండా వేళ్లతోనే కడగాలి.

ఎందుకు ఆపారో గుర్తు తెచ్చుకోండి

సగంలో ఆగిన ప్రతి కిట్‌కూ ఆగిన కారణం ఒకటి ఉంటుంది, అది చాలాసార్లు మనం చెప్పుకునే కారణం కాదు. నేను వరదను చెప్పుకున్నాను గానీ, అంతకు మూడు వారాల ముందే ముందు అద్దాన్ని సూపర్ గ్లూతో అతికించబోయి దాన్నంతా తెల్లగా మంచు పట్టించుకున్నాను. దాన్ని చూడలేకనే పెట్టె మూసేశాను. మీకు అది రెక్క అతుకు దగ్గర పడిన సందు కావచ్చు, గీతల రంగు పాకడం కావచ్చు, పోయిన భాగం కావచ్చు. అది ఏమిటో తేల్చుకుని, దానికి పరిష్కారం ముందు చిత్తు ప్లాస్టిక్ మీద చేసి చూసుకోండి. అది పరిష్కారం కాకుండా మిగతావి ఎన్ని చేసినా, మళ్లీ అక్కడికే వచ్చి చేయి ఆగుతుంది.

పాత జిగురు, పాత రంగు

అతుకులను ఒక్కొక్కటిగా పరీక్షించండి. రెండు వైపులా బొటనవేళ్లతో మెల్లగా ఒత్తితే చిటుక్కుమన్న అతుకు ఎప్పటికైనా విడిపోయేదే, దాన్ని ఇప్పుడే విప్పాలి. మోడల్ సిమెంటు అనే జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కలనూ ఒకటి చేస్తుంది కాబట్టి, గట్టిగా పట్టిన సిమెంటు అతుకును విప్పలేము. అక్కర ఉంటే సన్నటి బ్లేడుతో గీత వెంబడి పదేపదే తేలికగా గీస్తూ కోసుకోవలసిందే. సూపర్ గ్లూ అతుకు అలా కాదు. అది ప్లాస్టిక్‌లో కలవదు, చలికి పెళుసవుతుంది. ఆ భాగాన్ని కవరులో చుట్టి ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచి, తీసిన వెంటనే అతుకు మీద బ్లేడు మొన ఆనించి మెలిపెడితే చాలావరకు శుభ్రంగా ఊడి వస్తుంది.

పాత రంగు మందంగా, బ్రష్షు గీతలతో ఉంటే దాని మీద కొత్త రంగు వేయవద్దు. మన ఇళ్లలో దొరికే డెట్టాల్ ఈ పనికి బాగా ఉపయోగపడుతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో భాగాలు మునిగేంత డెట్టాల్‌ను నీళ్లు కలపకుండా పోసి, మూడు నాలుగు గంటల తర్వాత చూడండి. రంగు ముడుచుకుని లేస్తుంటే, చేతి తొడుగులు వేసుకుని డబ్బాలోనే బ్రష్షుతో రుద్దాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, భాగాన్ని తీసి నేరుగా కుళాయి కింద పెట్టడం. రంగు కరిగిన డెట్టాల్‌కు నీళ్లు తగిలితే అది జిగట ముద్దగా మారి గీతల్లో కూరుకుపోతుంది. కనుక మొదట కొత్త డెట్టాల్‌లో ముంచి తుడిచి, ఆ తర్వాత సబ్బునీళ్లతో కడగాలి. ఒక రాత్రికి మించి నానబెట్టవద్దు, అద్దాలను అసలు వేయవద్దు, కిటికీలు తెరిచి ఉంచండి.

వంకర తీయడం, కడప బండ

రేకుల కప్పు కింద, 40 డిగ్రీలు దాటే వేసవులను పదకొండింటిని చూసిన రెక్క తిన్నగా ఉంటుందని ఆశించలేము. పొయ్యి మీద మరిగిన నీళ్లను దించి మూడు నాలుగు నిమిషాలు ఆగాక, వంగిన భాగాన్ని మాత్రమే అరనిమిషం ముంచి, వంకరకు ఎదురు దిశలో కొద్దిగా ఎక్కువే వంచి, అలాగే పట్టుకుని చల్లటి నీళ్లలో పెట్టండి. ఒక్కసారిలో సరికాకపోతే మళ్లీ చేయండి. మరుగుతున్న నీళ్లలో ముంచితే పలుచటి వెనుక అంచు మెలితిరిగిపోతుంది, అది ఇక తిరిగి రాదు.

రెక్క తిన్నగా ఉందో లేదో తేల్చేది కన్ను కాదు, బండ. రాయలసీమలో మోడళ్లు చేసేవారికి అతి చౌకగా దొరికే గొప్ప పనిముట్టు ఇదే. అడుగున్నర చదరంలో నునుపు చేసిన కడప బండ గానీ బేతంచెర్ల నాపరాయి గానీ, రాళ్ల అంగట్లో కోయగా మిగిలిన ముక్కల్లో దొరుకుతుంది. స్టీలు స్కేలును దాని మీద అంచున నిలబెట్టి, వెనుక నుంచి టార్చి వేసి చూడండి. కింద వెలుతురు గీత ఎక్కడా కనబడకపోతే ఆ ముక్క పనికి వస్తుంది. దాని మీద వాటర్ పేపర్‌ను (తడిపి వాడే ఉప్పుకాగితాన్ని) తడిపి పరిస్తే, రెండు సగాల అంచులను ఒకే మట్టానికి రుద్దుకోవచ్చు. దాని మీద పెన్సిల్‌తో మధ్యగీత, దానికి అడ్డంగా లంబగీత గీసుకుంటే, విమానాన్ని అమర్చడానికి అదే పీఠం.

అసలు సెస్నా 172 రెక్కల వెడల్పు సుమారు 11 మీటర్లు, పొడవు 8.28 మీటర్లు. 1/48లో అవి 229, 172 మిల్లీమీటర్లు అవుతాయి. 172 పేరున్న విమానం మోడల్ 172 మిల్లీమీటర్లు తేలడం యాదృచ్ఛికమే అయినా కొలత గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది. రెక్క కొసల్లో ఒకటి రెండో దానికన్నా 2 మిల్లీమీటర్లు ఎత్తులో ఉంటే, అసలు విమానంలో అది దాదాపు పది సెంటీమీటర్ల తేడాతో సమానం. అలాంటి విమానాన్ని ఏ పైలటూ ఎక్కడు. అందుకే రెక్కను అతికించేటప్పుడు రెండు కొసల కింద ఒకే ఎత్తు అగ్గిపెట్టెల దొంతరలు పెట్టి, రెండూ ఒకేలా ఆనేలా చూసి, ఆనుకర్రలను కూడా అదే పూట బిగించండి. ఈ విమానంలో రెక్క పైన ఉండి, రెండు ఆనుకర్రలు దాన్ని కింద నుంచి మోస్తాయి. రెక్క ఆరిన మర్నాడు ఆనుకర్రలు బిగిస్తే ఒకటి పొట్టిగా, ఒకటి పొడవుగా తోస్తుంది.

ముక్కులో బరువు

సెస్నా 172కు ముందు ఒక చక్రం, వెనుక రెండు చక్రాలు ఉంటాయి. మోడల్ బరువంతా తోకవైపు ఉండటం వల్ల, ముక్కులో బరువు పెట్టకపోతే అది తోక మీద కూర్చుంటుంది. పాత కిట్‌లో దేహం అప్పటికే అతికి ఉంటే ఈ సంగతి ముందే చూసుకోవాలి. నా దేహంలో బరువు పెట్టకుండానే అతికించి ఉన్నాను, అందుకని ఇంజను మూతను కోసి తెరవవలసి వచ్చింది.

భాగాలన్నింటినీ టేపుతో తాత్కాలికంగా నిలిపి, వెనుక చక్రాలు వచ్చే చోట అడుగున ఒక పెన్సిల్‌ను అడ్డంగా పెట్టి దాని మీద తూచండి. ముక్కు మీద సీసపు గుండ్లను ఒక్కొక్కటిగా టేపుతో అంటిస్తూ, ముక్కు కిందికి వాలిన తర్వాత ఇంకో రెండు అదనంగా వేసుకోండి. గుండ్లు తుంగభద్ర ఒడ్డున చేపలు పట్టేవారు వలకు కట్టేవే చాలు. ఈ విమానం గది చుట్టూ అద్దాలే కాబట్టి, బరువు దాచగలిగే చోటు ఇంజను గది ఒక్కటే.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. సీసాన్ని ఫెవికాల్ వంటి తెల్ల జిగురుతో నిలపవద్దు. ఆ జిగురులోని ఆమ్లగుణం సీసాన్ని మెల్లగా తెల్లటి పొడిగా మారుస్తుంది, ఆ పొడి ఉబ్బి కొన్నేళ్లకు దేహాన్ని లోపలి నుంచి చీలుస్తుంది. అరాల్డైట్ వంటి ఎపాక్సీతోనే పోత పోయండి. సీసం ముట్టుకున్న చేతులను సబ్బుతో కడుక్కున్నాకే అన్నం ముట్టండి.

అద్దాలు

సూపర్ గ్లూ ఆరేటప్పుడు దాని ఆవిరి పైకి లేచి, దగ్గరలోని అద్దాల మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది. విమానం గది మూసి ఉంటే ఈ పొర లోపలి వైపు పడుతుంది. ఇది పైపైన పేరుకున్నదే కాబట్టి రుద్దితే పోతుంది. అద్దాన్ని విడదీసి, 2000 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్లలో వలయాలుగా రుద్ది, తర్వాత మెత్తటి బట్టకు తెల్లటి పళ్లపేస్టు అద్ది పావుగంటసేపు పాలిష్ చేయండి. చివరికి మెరుపునిచ్చే (గ్లాసీ) క్లియర్ వార్నిష్ ఒక పలుచటి పూత వేస్తే మిగిలిన సన్నగీతలు కూడా కనుమరుగవుతాయి. నన్ను పదకొండేళ్లు ఆపిన పని నిజానికి ఒక గంట పని అని తెలిసినప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

అద్దం పగిలి ఉంటే, పక్క కిటికీలను మిఠాయి డబ్బాల పారదర్శక మూత నుంచి కత్తిరించుకోవచ్చు. ముందు అద్దం వంపు కష్టం, దాన్ని చట్రంలో కొద్దికొద్దిగా సరిచూసుకుంటూ చేయాలి. అతికించడానికి మాత్రం ఫెవికాల్ చాలు. ఆరితే పారదర్శకమవుతుంది, ఆవిరి రాదు, ఎక్కువైనది తడి దూదితో పోతుంది. అద్దాలు పెట్టే ముందే సీట్లు, మీటర్ల పలక, నియంత్రణ చక్రాలు పూర్తిచేయాలి. ఇంత అద్దాల గదిలో లోపలి పని దాగదు. సీటు బెల్టులను మాస్కింగ్ టేపును ఒకటిన్నర మిల్లీమీటరు వెడల్పున కోసి చేసుకోండి.

అతుకుల గీతలు

సన్న సందులకు ఫెవిక్విక్‌లో టాల్కం పౌడర్ కలిపిన లప్పం మంచిది, కానీ అరగంటలోపే రుద్దేయాలి. మర్నాటికి అది ప్లాస్టిక్ కన్నా గట్టిపడి, రుద్దితే పక్క ప్లాస్టిక్కే అరుగుతుంది. పెద్ద సందులకు ఎం-సీల్ వాడి, మెత్తగా ఉండగానే తడివేలితో నునుపు చేయండి. ఆ తర్వాత 400, 800, 1000 నంబర్ల ఉప్పుకాగితం ఆ వరసలో రుద్దాలి. మధ్యలో ఒక మెట్టు దాటవేస్తే ఆ గీత తెల్లరంగు కింద తప్పకుండా తేలుతుంది.

రంగు

ముందుగా మీ కిట్ ఏ కాలపు విమానమో చూసుకోండి. 172 మొదటిసారి 1955లో ఎగిరింది, 1956లో అమ్మకానికి వచ్చింది. తొలి రోజుల్లో దాని తోక రెక్క నిట్టనిలువుగా ఉండేది. 1960లో వెనక్కి వాలిన తోక, 1963లో వెనుక కిటికీ వచ్చాయి. మీ మోడల్‌కు వాలిన తోక, వెనుక అద్దం రెండూ ఉంటే దానికి 1956 నాటి రంగులు నప్పవు. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా, 44 వేలకు పైగా తయారైన విమానం కాబట్టి ఫొటోలకు కొదవ లేదు. ఒక్క నిజమైన విమానాన్ని ఎంచుకుని దాని ఫొటోలే చూస్తూ పనిచేయండి.

మన సీమలో రంగు వేయడం అనేది కాలంతో చేసే బేరం. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం స్ప్రే చేస్తే, రంగు బిందువులు మోడల్‌ను చేరకముందే గాలిలో ఆరిపోయి ఉప్పుకాగితంలా గరుకుగా అంటుకుంటాయి. వాన ముసురులో లక్కర్ రంగు (థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే రంగు) వేస్తే, గాలిలో తేమ దాని మీద చేరి పాలమీగడలా తెల్లబారుతుంది. ఆషాఢపు గాలిలో దుమ్ము తప్పించుకోలేము, అనంతపురం వైపు ఉండేవారికి ఇది మరింత బాగా తెలుసు. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు, పొద్దెక్కి మంచు ఆరిన తర్వాత వేయడం అన్నిటికన్నా మంచిది. వేసవిలో తప్పకపోతే ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపు వేయాలి. వేసే ముందు గది నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణచండి. వేసిన తర్వాత మోడల్ మీద ఒక ప్లాస్టిక్ టబ్బు బోర్లించండి, దాని అంచు కింద గాలి ఆడటానికి రెండు పెన్సిళ్లు పెట్టండి. స్ప్రే డబ్బాను ఎండలో గానీ పొయ్యి దగ్గర గానీ ఎన్నడూ పెట్టవద్దు.

అద్దాలను టేపుతో కప్పిన తర్వాత, మొదటి పూత బూడిదరంగు ప్రైమర్. ఇది రంగు కోసం మాత్రమే కాదు, లోపాలను చూపించడానికి కూడా. అతుకుల్లో మిగిలిన ప్రతి గుంటా దీని మీద కనబడుతుంది, వాటిని సరిచేసి మళ్లీ వేయండి. నేను మూడుసార్లు వెనక్కి వెళ్లాను. కార్ల రంగుల అంగడిలో దొరికే స్ప్రేలు వాడుకోవచ్చు గానీ, వాటిలోని థిన్నర్ మందంగా పడితే ప్లాస్టిక్‌ను తినేస్తుంది. అందుకే 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి, మొదటి రెండు పూతలు పొగమంచులా పలుచగా పడాలి.

తెలుపు కప్పడం అన్ని రంగులకన్నా కష్టం. ఒక్క పూతలో కప్పాలనుకుంటే అంచుల్లో కారుతుంది. పలుచటి పూతలు నాలుగో అయిదో, మధ్య పావుగంట విరామంతో వేయండి. రెండు రోజులు ఆరనిచ్చాకే పక్కగీతల జోలికి వెళ్లాలి.

గీతల కోసం మాస్కింగ్ టేపును నేరుగా వాడవద్దు. దాని అంచు అంగట్లో దుమ్ము పట్టి ఉంటుంది. అద్దపు పలక మీద అతికించి, కొత్త బ్లేడుతో స్టీలు స్కేలు వెంబడి కొత్త అంచు కోయండి. వంపు గీతలకు 2 మిల్లీమీటర్ల సన్నపట్టీలు కోస్తే అవి చెప్పినట్టు వంగుతాయి. టేపు వేశాక ఎరుపో నీలమో వెంటనే వేయకండి. మళ్లీ తెలుపే ఒక పలుచటి పూత వేయండి. టేపు కింద సందు ఉంటే అందులోకి పాకేది తెలుపే, తెలుపు మీద తెలుపు కనబడదు. అది ఆరిన తర్వాత గీత రంగు వేసి, గంటలోపు టేపును దాని మీదికే మడుస్తూ, తక్కువ కోణంలో మెల్లగా లాగండి.

అక్షరాలు

డెకాల్ కాగితం అంటే నీళ్లలో నానబెట్టి, అక్షరాలను, బొమ్మలను మోడల్ మీదికి జరిపే కాగితం. చెమ్మ తగిలినదాన్ని నమ్మవద్దు. అక్కరలేని ఒక చిన్న ముక్కను కోసి నీళ్లలో వేయండి. ముక్కలుముక్కలుగా విడిపోతే, మిగతా కాగితం మీద క్లియర్ వార్నిష్ పలుచగా వేసి ఆరనిచ్చి, ఒక్కో బొమ్మను అంచుల దాకా కత్తిరించి వాడవచ్చు. పసుపెక్కినదాన్ని పారదర్శక కవరులో పెట్టి, ఎండ పడే కిటికీ అద్దానికి కొన్ని రోజులు అంటించండి. కర్నూలు ఎండ ఈ ఒక్క పనికి మాత్రం మోడల్ చేసేవారికి మిత్రుడు.

నా కాగితం సూచనల పుస్తకానికే అతుక్కుపోయి పనికిరాకుండా పోయింది. కొత్త డెకాల్ కాగితం తెప్పించి లేజర్ ప్రింటు తీయించాను. మామూలు ప్రింటర్లు తెల్ల సిరా వేయలేవు గానీ, తెల్ల విమానం మీద ముదురు అక్షరాలకు దానితో పనిలేదు. భారతదేశపు విమానం చేయదలిస్తే వీటీ అనే రెండు అక్షరాలు, ఒక గీత, తర్వాత మూడు అక్షరాలు రాయాలి. అంతర్జాతీయ నియమం ప్రకారం దేహం పక్కల అక్షరాల ఎత్తు కనీసం 30 సెంటీమీటర్లు, ఎడమ రెక్క అడుగున కనీసం 50 సెంటీమీటర్లు. మన స్కేలులో అవి 6.25, 10.4 మిల్లీమీటర్లు అవుతాయి. 1932 అక్టోబర్‌లో కరాచీ నుంచి బయలుదేరిన టాటా తపాలా విమానం మన పొరుగునున్న బళ్లారిలో ఆగి మద్రాసు చేరింది. పస్ మాత్ అనే ఆ విమానం కూడా ఇలాగే పైన రెక్క ఉన్న చిన్న విమానమే. ఈ ఆకారం మీద వీటీ అక్షరాలు చూసినప్పుడు నాకు అది గుర్తుకొస్తుంది.

డెకాల్ అతికించే ముందు మెరుపునిచ్చే (గ్లాసీ) వార్నిష్ వేయాలి. గరుకు ఉపరితలం మీద దాని కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, జరిపి, తడి బ్రష్షుతో మధ్య నుంచి అంచులకు నీళ్లు తోలండి.

చివరి అమరిక

ఎడమ రెక్క కొసన ఎర్ర దీపం, కుడి కొసన ఆకుపచ్చ, తోకన తెలుపు. ప్రొపెల్లర్ రేకుల వెనుక వైపు, అంటే పైలటు వైపు, మెరుపు కళ్లలో పడకుండా నల్లటి మ్యాట్ రంగు వేయండి. ఏంటెన్నాలకు మిగిలిన చట్రపు కర్రను కొవ్వొత్తి మంటకు పైన తిప్పుతూ, మెత్తబడగానే మంట నుంచి తీసి రెండు వైపులా లాగితే వెంట్రుకంత సన్నటి తీగ వస్తుంది. దాన్ని ముల్లు తీసే శ్రావణంతో పట్టుకుని, కొసన ఫెవికాల్ అద్ది నిలపండి. ఏంటెన్నాలు అన్నిటికన్నా చివర, లేకుంటే చేతికి తగిలి విరుగుతాయి.

పూర్తయిన విమానాన్ని ఎక్కడ పెడతారో ముందే చూసుకోండి. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే గూడు పనికిరాదు, అద్దాలు పసుపెక్కుతాయి, తెలుపు మారుతుంది. నాది ఇప్పుడు హాల్లో ఉత్తరపు గోడ గూట్లో, అద్దం తలుపు వెనుక, అమర్చిన కడప బండ మీదే మూడు చక్రాలూ ఆనించి నిలబడి ఉంది.